నిమిషానికి నాలుగు వందల అక్షరాలు

జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ టెలెక్సు గదిలో కుటుంబరావు పన్నెండేళ్ళుగా కూర్చుంటున్నాడు. కుర్చీ వంపే అతని నడుముకూ వచ్చింది. వార్తను ముందు కాగితపు టేపు మీద చిల్లులుగా కొట్టి, ఆ టేపును మిషనుకు తగిలిస్తాడు; అది తీగ మీద పోయి అవతలి ఆఫీసు మిషనులో అచ్చవుతుంది. ఆ చిల్లులను చూడకుండా, వేలితో తడిమి చదవగల మనిషి. కొత్తవాళ్ళెవరొచ్చినా చెప్పేవాడు: "మన లైను నిమిషానికి నాలుగు వందల అక్షరాలు మోస్తదండీ. ఇన్నేళ్ళలో ఒక్కటీ తప్పు పోలా!"

ఎనభై ఆరులో ఫ్యాక్టరీకి కంప్యూటరు వచ్చింది. ఓ మధ్యాహ్నం దాన్ని చూసుకునే భవానీప్రసాద్ నల్లటి ఫ్లాపీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కుటుంబరావుగారూ, ఇందులో మూడు లక్షల అరవై వేల అక్షరాలున్నాయి. సాయంత్రంలోగా బెజవాడ ఆఫీసుకు చేరాలి. మీ లైను మీద పోతాయా?"

కుటుంబరావు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తన లెక్క తప్పితే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"పదిహేను గంటలు పడతదండీ. బస్సయితే రెండు గంటలే. ఇటివ్వండి, నేనే పోతా."

ఫ్లాపీ వంగకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని ఎర్రబస్సెక్కాడు. నందిగామ దాటాక టైరు పేలింది. అందరూ దిగారు.

"నీ బస్సు కంటే ఎడ్లబండి నయం కదయ్యా!" అని ఒక ముసలామె కండక్టరును దులిపేసింది.

కుటుంబరావు బొటనవేలు మళ్ళీ కణుపుల మీద నడిచింది. టైరుకు గంట పట్టినా ఈ బస్సు తన మిషను కంటే అయిదింతల వేగం.

"లేదమ్మా, జోరుగానే పోతోంది," అన్నాడు, ఆగిపోయిన బస్సు నీడలో చతికిలబడుతూ.