నాలుగో సంతకం

రోహిణి కార్తె మొదలైన మూడో నాడు మధ్యాహ్నం మా మీటరు సారు పోయారు. డాబా మీద, బకెట్టు పక్కన పడి ఉన్నారు. ఆరిన బట్టలు తీయడానికి పోయిన మొదటి అంతస్తు కోడలు చూసి కేక పెట్టింది. మేము మోసుకొని కిందికి తెచ్చేసరికే అంతా అయిపోయింది. ఆసుపత్రిలో కాగితం మీద గుండె అని రాశారు. ఎండ అని రాయలేదు. నా పేరు ఎలాగూ రాయరు.

చిక్కడపల్లిలో మా బిల్డింగు పాతది. నాలుగు పోర్షన్లు, నలుగురు ఓనర్లు. కింద నేను. నారాయణగూడలో ముప్పై ఏళ్లు పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి కొనుక్కున్న రెండు గదులు. అందరికన్నా పైన సారు, ఆయన అక్క. సారు కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అందుకని మీటరు సారు. అసలు పేరు చెప్తే గల్లీలో సగం మందికి తెలియదు. పెళ్లి చేసుకోలేదు. అక్కకు చిన్న వయసులోనే భర్త పోతే తెచ్చుకొని దగ్గర పెట్టుకున్నారు. ఆమెకు ఇప్పుడు ఎనభై దాటాయి. తుంటి విరిగి మూడేళ్లుగా మంచం మీదే.

సర్కారు సోలార్ పథకం వచ్చిన దగ్గరి నుంచి సారుకు తీరిక లేదు. డాబా మీద పలకలు పెట్టించుకొని, పెట్టించుకున్నట్టు రుజువు చూపిస్తే, కొంత సొమ్ము మన ఖాతాలో వేస్తారు. అడగడం తెలిసినవాళ్లకే అది దొరుకుతుంది. అశోక్‌నగర్ నుంచి, కవాడిగూడ నుంచి కరెంటు బిల్లులు చేతిలో పట్టుకొని జనం వచ్చేవారు. సారు ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగకుండా దరఖాస్తులు నింపేవారు.

బిల్లు మీద పేరు, బ్యాంకు పుస్తకం మీద పేరు ఒక్కటే ఉండాలి. మన ఇళ్లలో మీటరు ఎప్పుడో పోయిన తండ్రి పేరు మీదే నడుస్తుంటుంది. ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"మా నాయిన పేరు తీసేస్తే పాపం గాదా సారూ?"

"మీ నాయినను గోడ మీద ఫోటోల ఉండనియ్. మీటరు మీద నువ్వుండు. బిల్లు కట్టేది నువ్వా, ఆయననా?"

ఆయన ఏడుస్తూనే నవ్వాడు.

సారుకు ఒక నియమం ఉండేది. నిలబడి ఎవరినీ సంతకం పెట్టనిచ్చేవారు కాదు. కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాగితం మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివి వినిపించేవారు. ఆ తర్వాతే కలం. తొందర మీద వచ్చిన ఒక హాస్టలు ఓనరు, "నాకు చదువొస్తది సారూ" అన్నాడు. "వస్తది గని చదవవు గద. కూసో" అన్నారు సారు. కూర్చున్నాడు.

"సర్కారు ఇస్తనన్నది అడుగుడు అడుక్కునుడు కాదు. అబద్ధం రాసి అడిగితే మాత్రం దొంగతనమే" అనేవారు. రెండో మాట నచ్చక వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

పొద్దుగూకే వేళ నా గడప దగ్గర మెట్టు మీద వచ్చి కూర్చునేవారు. జేబులో ఎప్పుడూ టెస్టరు ఉండేది. మాది పాలమూరు దిక్కు పల్లె, ఏడో తరగతి చదువు. నాకు మాటలు తక్కువ. ఆయనకు రోజంతా మాటలే కాబట్టి నా దగ్గర ఊరుకునేవారు. ఇద్దరం గల్లీలోకి చూస్తూ కూర్చునేవాళ్లం. అట్లా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

ఇంత మందికి రాసిచ్చిన మనిషికి సొంత గది నిప్పుల కొలిమి. పైన స్లాబు తప్ప ఏమీ లేదు. కూలరు పెడితే ఉక్కపోత. ఏసీ పెడితే పింఛను బిల్లుకే పోతుంది. అక్క నోరు ఊరుకునేది కాదు. "రొట్టెను పెనం మీద కాలుస్తరు. నువ్వు నన్ను పెనం కింద కాలుస్తున్నవు రా" అనేది. సారు ఆలోచన ఒక్కటే. డాబా మీద పలకలు వేస్తే స్లాబుకు నీడ అవుతుంది, ఆ కరెంటుతో తక్కువ తాగే ఏసీ ఒకటి నడుస్తుంది. అక్క ఒక్క ఎండాకాలమైనా చల్లగా పడుకుంటుంది.

కాని డాబా నలుగురిది. మాకు అభ్యంతరం లేదని నలుగురూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి.

సారు ఆ కాగితం తయారు చేశారని తెలిసిన నాడే రెండో అంతస్తులో ఉండే మా బిల్డింగు సెక్రటరీ నన్ను గేటు దగ్గర ఆపాడు. బోరు మోటారు స్విచ్చి అతని చేతిలో ఉంటుంది, అతను వేస్తేనే మాకు నీళ్లు.

"కాకా, తొందరపడకు. డాబా ఒక్కలకు రాసిస్తే రేపు మన బట్టలెక్కడ ఆరేసుకుందం? నేను జెప్పినంక పెట్టు."

సరే అన్నాను. నాకు కాదు అనడం ఎప్పుడూ రాలేదు.

శివరాత్రి దాటిన రెండో రోజు సారు కాగితం తీసుకొని వచ్చారు. నా ఇంట్లో నన్నే కుర్చీలో కూర్చోబెట్టి, మొత్తం చదివి వినిపించారు. కలం అందించారు.

"కండ్లద్దాలు కనిపిస్తలేవు సారూ" అన్నాను.

అవి నా అంగీ జేబులోనే ఉన్నాయి. ఆయన చూపు జేబు మీద పడింది, తప్పుకుంది.

"దొరికినంక పిలువు తమ్మీ" అని లేచారు.

మర్నాడు మళ్లీ వచ్చారు. ఈసారి తన పాత కళ్లద్దాలు తెచ్చారు. "ఇవి పెట్టుకొని చూడు." పెట్టుకున్నాను. నిజానికి అక్షరాలు బాగానే కనిపించాయి, మా ఇద్దరిదీ దాదాపు ఒకే చూపు. కింద నా పేరు, నా తండ్రి పేరు కనిపించాయి.

"మసక మసకగున్నది సారూ."

ఆయన నవ్వారు. "కనిపియ్యకపోతే పెట్టొద్దు. మంచి అలవాటే" అన్నారు. కాగితం నాలుగు మడతలు పెట్టి తీసుకెళ్లారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం మాత్రం ఎప్పటిలాగే వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. నేను లోపల ఊపిరి పీల్చుకున్నాను. సెక్రటరీయే పెట్టలేదు కదా, నాదొక్కటి పెడితే ఏం లాభం అనుకున్నాను. మూడు నెలలు అదే అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. సారు డాబా మీద గోనెసంచులు పరిచి నీళ్లు పోయడం మొదలుపెట్టారు. తాను స్నానం చేసిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు. సరిగ్గా రెండు గంటలకు బకెట్టు మెట్ల కడ్డీలకు తగులుతున్న చప్పుడు వినిపించేది. కింద ఫ్యాను కింద పడుకొని నేను వినేవాణ్ణి. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఆ ఎండలో. నాకు తెలుసు. తెలిసే పక్కకు తిరిగి పడుకున్నాను.

పదో దినం నాడు భోజనాలయ్యాక మెట్ల దగ్గర సెక్రటరీ కనిపించాడు. నా జీవితంలో ఎవరి మీదా గొంతు లేపలేదు. ఆ రోజు లేపాను. నువ్వు ఆ సంతకం పెట్టి ఉంటే ఆ మనిషి బతికేవాడు అన్నాను. విస్తర్లు ఎత్తుతున్నవాళ్లు ఆగి చూశారు.

అతను నోరు తెరిచాడు.

"నేనా? హోలీకి ముందే పెట్టిన గద కాకా! సారు మా ఇంటికొచ్చి గంటసేపు చదివి వినిపించిండు. బట్టల తీగలకు జాగ విడిచిపెడ్తనని రాసి గూడ ఇచ్చిండు. నువ్వే పెట్టలేదంట. కాకాకు సారు మీద గంత కోపమేందని మేమంతా పరేషాన్."

"నువ్వు జెప్పినంక పెట్టుమంటివి గద."

"అరె, నేనేదో ఒక మాటంటి, మర్చిపోతి. నువ్వు గదే పట్టుకొని కూసున్నవా? ఒక్కసారి అడిగితే ఏమైతుండె?"

అడిగితే ఏమయ్యేది. రెండంతస్తులు ఎక్కి తలుపు కొడితే సరిపోయేది.

పైకి పోయాను. గది గుమ్మం దాటగానే ముఖానికి వేడి కొట్టింది. వానలు ఇంకా పడలేదు. అక్క తడిగుడ్డ కప్పుకొని పడుకొని ఉంది. కాగితం అడిగాను. తలగడ కింద నుంచి తీసి ఇచ్చింది. మూడు సంతకాలున్నాయి. సారుది, మొదటి అంతస్తువాళ్లది, సెక్రటరీది తేదీతో సహా. నాలుగో చోట నా పేరు పక్కన, నేను ఎక్కడ పెట్టాలో తెలిసేలా సారు పెన్సిలుతో సన్నగా గీత గీసి ఉంచారు.

"సెక్రటరీ పెట్టిండని సారు నాకెందుకు జెప్పలేదు అక్కా?"

"నేనూ గదే అడిగిన తమ్మీ. చెప్తే సిగ్గుపడి పెడ్తడు, సిగ్గుపెట్టి తీసుకున్న సంతకం నాకొద్దు, ఆయనంతట ఆయన వస్తడు అన్నడు. నువ్వొస్తవని నమ్మిండు."

కలం ఇవ్వమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇగ దేనికి? దరఖాస్తు వాని పేరు మీద, మీటరు వాని పేరు మీద. మనిషే లేడాయె. మళ్ల మొదటి సంది రాయాలె. రాసేటోడు పోయిండు."

నేను రాయిస్తానన్నాను. పేరు మార్పించి, కొత్త కాగితం మీద అందరికన్నా ముందు నేనే పెడతానన్నాను. నా మాట విలువ ఆమెకు తెలిసిందే.

"ఎండల వచ్చినవు. కూసో. నీళ్లు తాగు" అంది.

కూర్చున్నాను. కుండలో నీళ్లు కూడా గోరువెచ్చగా ఉన్నాయి. తాగుతూ తల ఎత్తాను. ఎదురుగా గోడ గూట్లో, కరెంటు పోతే పనికొస్తుందని పెట్టిన కొవ్వొత్తి ఒకటి ఉంది. వత్తి తెల్లగా ఉంది, ఎప్పుడూ వెలిగించలేదు. గది వేడికి నడుము దగ్గర మెత్తబడి వంగిపోయి, తల గూటి అడుగుకు ఆనించి అట్లాగే ఉండిపోయింది.