ఆయా ముఖంలో సగం చీకటి

మా పెద్దమ్మ ఫొటో స్టూడియోలో రెండు లైట్లు, ఒక స్టూలు, బోలెడంత నోరు ఉండేవి. నోరు ఆవిడదే. గడ్డం ఎత్తమనేది, దించమనేది, ఎదుటివాళ్ళు విసుక్కుంటే మళ్ళీ ఎత్తమనేది. రెండు లైట్లూ సమానంగా పడితే అది గుర్తింపు కార్డు అవుతుంది గానీ ఫొటో కాదని ఆవిడ వాదన. ఒక చెంప వెలుగులో, ఇంకోటి నీడలో ఉండాలి. చూపు కాస్త పక్కకి పోవాలి. అందుకని ఎవరొచ్చినా ఒకటే మాట: "కెమెరాని వదిలెయ్యండి, నా చెవిని చూడండి." అలా వచ్చినదాన్ని ఆవిడ ‘లోతు’ అనేది. నన్నెన్నిసార్లు తీసినా లోతు దొరకలేదని అందరి ముందూ చెప్పి నవ్వేది. నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి ఒక స్కూల్లో నోటీసు బోర్డు కోసం సిబ్బంది ఫొటోలు తీసే పని వచ్చింది. ఒక్కరోజులో ముప్పై ముఖాలు. అన్నీ కార్డు ఫొటోల్లాగే ఉండాలన్నారు కాబట్టి పళ్ళు నూరుకుంటూ తీసింది. చివర్లో చిన్నపిల్లల తరగతి ఆయా వచ్చి కూర్చుంది. నోట్లో నాలుక లేని మనిషి. ఆమె ముఖం చూశాక పెద్దమ్మ ఇక ఆగలేకపోయింది. ఒక లైటు ఆర్పేసింది. చెవిని చూడమంది. ముప్పైమందిలో ఈ ఒక్కటే ఫొటో అని ప్రింటు చేతిలో పట్టుకుని రోజంతా మురిసిపోయింది. బోర్డుకీ దాన్నే ఇచ్చింది.

మూడు నెలల తరవాత ఒక మధ్యాహ్నం ఆ స్కూలు గేటు తెరిచి ఉండిపోయింది. నాలుగేళ్ళ పాప రోడ్డు మీదికి వెళ్ళింది. స్కూటరు తగిలి కాలు విరిగింది. గేటు వెయ్యాల్సింది ఆయానే అన్నారు, విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని ఆ సాయంత్రమే ఆమెకి చెప్పారు. బోర్డు మీది ఫొటోని ఎవరో ఫోనులో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారు. దాని కింద రాసిన మాటలు నేనే, బుద్ధిలేక, పెద్దమ్మకి చదివి వినిపించాను. ఎదురుగా చూడలేకపోతోంది చూడండి అని ఒకరు. సగం ముఖం దాచుకుంది, తప్పు చేసిన మనిషి కాకపోతే ఎందుకలా ఉంటుందని ఇంకొకరు. ఆమెని తీసెయ్యమని వందమంది సంతకాలు పెట్టారు. అందులో సగం మంది ఆమెని ఎప్పుడూ చూసి ఉండరు.

పెద్దమ్మకి నోట మాట రాలేదు. నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి.

విచారణ శుక్రవారం ఉదయం. బుధవారం మేమిద్దరం ఆయా ఇంటికి వెళ్ళాం. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాం. ఆమె తిట్టలేదు, కుర్చీలు వేసింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఇక్కడ తీసేస్తే ఇంకే స్కూలూ గడప తొక్కనివ్వదని మాత్రం అంది. పెద్దమ్మ ఇంకో ఫొటో తీస్తానంది, నిండు వెలుగులో, సూటిగా చూస్తుండగా. తీసింది కూడా. ఏడ్చి ఉబ్బిన కళ్ళు మమ్మల్ని నిలదీస్తున్నట్టు వచ్చాయి.

"దీన్ని చూపిస్తే పొగరంటారు," అంది ఆయా.

నిజమే. ఆ ఫొటో సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాం.

గురువారం ఆవిడ స్టూడియో తలుపు వేసి, కళ్ళద్దాలు తీసి, జుట్టు విప్పి స్టూలు మీద కూర్చుంది. ఒక లైటు ఆర్పమంది. బటన్ నన్ను నొక్కమంది. నొక్కాను.

శుక్రవారం స్కూలు ఆఫీసులో కరస్పాండెంటు, ఇద్దరు తల్లిదండ్రులు బల్ల వెనక కూర్చున్నారు. ఆయా గోడవారగా నిలబడి ఉంది. బయటివాళ్ళకి పనిలేదన్నారు. పెద్దమ్మ కదల్లేదు, బల్ల మీదున్న ఆయా ఫొటో చూపించి, అది తీసింది తనేనంది. నిన్నటి ఫొటోని దాని పక్కన పెట్టి, వెనక్కి జరిగింది.

కరస్పాండెంటు చూశాడు. ముఖం చిట్లించాడు.

"ఈవిడెవరు? ఈవిడ చెయ్యి కూడా ఉందా ఇందులో?"

"ఉందండీ." పెద్దమ్మ కళ్ళద్దాలు తీసింది. "అది నేనే. ఆ చీకటి పెట్టిందీ నేనే, పక్కకి చూడమన్నదీ నేనే. ఈ అమ్మాయి నేను చెప్పినట్టు కూర్చుంది, అంతే."

ఆ తల్లిదండ్రుల్లో ఒకావిడ తలదించుకుంది. కరస్పాండెంటు రెండు ఫొటోల్నీ బోర్లించి, ఆయా వైపు తిరిగాడు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాడు. పది రోజుల్లో ఆమెని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఇద్దరు పాపలకి చేతులు కడిగించడానికి వెళ్ళేముందు గేటు వేశానంది. గడియ నెలరోజులుగా సరిగ్గా పడటం లేదంది. రెండుసార్లు ఆఫీసులో చెప్పానంది. నమ్మకం లేకపోతే మీరే వచ్చి చూడండి సార్ అంది.

అందరం లేచి గేటు దగ్గరికి నడిచాం. కరస్పాండెంటు తన చేత్తోనే గడియ వేసి, రెండడుగులు వెనక్కి వేశాడు. గేటు మెల్లిగా తెరుచుకుంది.