లీదియా వెతికిన లాగులు

ఆగిరిపల్లి లెక్కల మాస్టారు చార్లెస్ గారి అమ్మాయి లీదియా హైదరాబాదులో వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో నాలుగేళ్లు పనిచేసింది. ఆఫీసులో నవ్వేవాళ్లు లేరని ఉద్యోగం మానేసి వచ్చేశానని ఊళ్లో చెబితే ఎవరూ నమ్మలేదు. అది నిజమే. వచ్చిన ఏడాదే నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే నారాయణరావు గారికి ఒక వెబ్‌సైటు కట్టిపెట్టింది. ఫోనులో కాయ రకం ఎంచుకుని, చిరునామా సరిచూసుకుని నొక్కితే పెట్టె ఇంటికి వెళ్తుంది.

మే నెలలో చిక్కొచ్చింది. చిన్నరసాలు అడిగినవాళ్లలో కొందరికి బంగినపల్లి పెట్టెలు వెళ్లాయి. జుర్రుకుందామని కూర్చున్నవాళ్లకు కోసుకు తినే కాయ పంపితే ఊరుకుంటారా? ఫోన్ల మీద ఫోన్లు. షెడ్డులో పెట్టెలు సర్దే నాగమణి ఆర్డరు కాగితాలు తెచ్చి చూపించింది. వాటిలో బంగినపల్లి అనే ఉంది. తప్పు వెబ్‌సైటుదే.

లీదియా తన కంప్యూటర్లో ఇరవైసార్లు చిన్నరసాలు ఆర్డరు పెట్టి చూసింది. ఇరవైసార్లూ చిన్నరసాలే వచ్చాయి. దాంతో షెడ్డుకు వచ్చి, అందరూ వింటుండగా నారాయణరావు గారితో అంది.

"లాగులు సరిపోలేదండీ. ఇవాళ అన్నిచోట్లా లాగులు పెట్టి చూస్తాను."

నారాయణరావు గారు నాగమణి వంక చూశారు. ఆవిడ తల తిప్పుకుంది. పెట్టెలకు మేకులు కొడుతున్న పెద్దిరాజు తన లాగు వంక ఓసారి చూసుకుని పైకి లాక్కున్నాడు.

లాగంటే తొడుక్కునేది కాదని లీదియా వాళ్లకు వివరించాల్సి వచ్చింది. వెబ్‌సైటు తను చేసే పనుల్ని ఒక ఫైల్లో ఒక్కో వాక్యంగా రాసుకోగలదు. ఆ వాక్యాన్నే ఇంగ్లీషులో లాగ్ అంటారు. ఇన్నాళ్లూ పని ఆగిపోతేనే రాయమని చెప్పింది. ఇక్కడేమో ఏదీ ఆగలేదు, తప్పు కాయ దర్జాగా బయల్దేరిపోయింది. అందుకే ఇకమీదట ప్రతి అడుగుకూ వాక్యం ఉండాలి.

ఆ వాక్యాలు పొడిపొడిగా ఉంటే చదువుతూ నిద్రపోతానని లీదియాకు భయం. అందుకని తను మాట్లాడినట్టే రాసేది. ఎవరైనా సైటు తెరిస్తే "చుట్టాలొచ్చారు" అనీ, రకం ఎంచుకుంటే "చిన్నరసం కావాలట" అనీ. ఆ సాయంత్రం అలాంటివి ముప్పై దాకా పెట్టింది. ఒక్కటి మాత్రం పొరపాటున ఫైల్లోకి కాకుండా కొనేవాళ్ల ఫోను మీదకి వెళ్లేలా పెట్టింది.

మర్నాడు పొద్దున్నే విస్సన్నపేట నుంచి రిటైరైన హెడ్మాస్టరు వెంకటకృష్ణారావు గారు ఫోన్ చేశారు. నారాయణరావు గారు రెండు నిమిషాలు విని, ముఖం కందగడ్డలా చేసుకుని, ఫోను లీదియా చేతిలో పెట్టారు.

"అమ్మా, మీ సైటులో 'అయ్యగారు మళ్లీ మనసు మార్చుకున్నారు' అని వచ్చింది," అన్నారు మాస్టారు నింపాదిగా. "నేను మనసు మార్చుకోలేదు. ఇల్లు మారాను."

 లీదియా క్షమించమని అడుగుతూనే, ఆ రెండో మాట దగ్గర ఆగిపోయింది. తను పెట్టిన ఇరవై ఆర్డర్లూ ఆగిరిపల్లిలోని తన ఇంటికే. ఒక్కసారి కూడా చిరునామా దిద్దలేదు. ఏ వరసలో ఏం నొక్కారో చెప్పమని మాస్టారిని బతిమాలింది. ఆయన పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పారు. ముందు చిన్నరసాలు ఎంచుకున్నారు. పాత ఇల్లు కనిపిస్తే దిద్దారు. ఆ మీదట ఆ వాక్యం వచ్చింది. ఆర్డరు మాత్రం పూర్తిచేశారు.

లీదియా ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఫైలు తెరిచింది. మాస్టారి ఆర్డరులో చిరునామా దిద్దకముందు "చిన్నరసం కావాలట" అని ఉంది. దిద్దాక చూస్తే బంగినపల్లి. చిరునామా మారగానే సైటు ఆ ఊరికి పంపగల రకాల జాబితా మళ్లీ తెస్తోంది. తెచ్చి, మనిషి ఎంచుకున్నది మరిచిపోయి, జాబితాలో మొదటి పేరు పట్టుకుంటోంది. నిన్నటి నుంచి తప్పిన మిగతా మూడు ఆర్డర్లూ చూసింది. మూడింటిలోనూ కొన్నవాళ్లు చిరునామా దిద్దారు.

మధ్యాహ్నం భోజనాల వేళకు సరిచేసింది. ఈసారి అయిదు ఊళ్ల పేర్లు మార్చిమార్చి పరీక్షించింది. మాస్టారికి చిన్నరసాలే వెళ్లాయి.

నారాయణరావు గారు మాత్రం వదల్లేదు. ఇంకెవరిని ఏమని రాశావో చూపించమని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఫైలు మొత్తం చదివారు. ఆయన సైటులోకి వచ్చినప్పుడల్లా నమోదయ్యే వాక్యం దగ్గర ఆగి, షెడ్డంతా వినేలా పైకి చదివారు.

"'ఓనరు వచ్చాడు, అందరూ పనిచేస్తున్నట్టు నటించండి.'"

పెద్దిరాజు సుత్తి గాల్లోనే ఆగిపోయింది. లీదియా ఇక ఈ పని పోయినట్టేననుకుంది.

"ఉండనియ్యమ్మా," అన్నారాయన కళ్లజోడు తీస్తూ. "కాకపోతే 'వచ్చాడు' ఏంటి? 'వచ్చారు' అని దిద్దు."