నేను పెట్టిన గాటు

మా ఇంటి బైబిలు మీద కుడిచెయ్యి వేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వుతోంది. నవ్వనివ్వండి. పాతికేళ్ళుగా నా కబుర్లు వింటున్న మనిషికి ఆ మాత్రం హక్కుంది.

భవానీపురంలో మా వీధికి ఆదివారం ప్రార్థన అయ్యే వేళకి చేపలావిడ వస్తుంది. కొల్లేటి వైపు మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదే అయినా నన్ను బాబుగారూ అంటుంది. మా గేటు ముందు సత్తు బేసిను దించి, కత్తిపీట వేసుకుని కూచుంటుంది. చేపని చేత్తో ఎత్తి చూసి కేజీంపావు అందంటే కాటా కూడా నోరు మూసుకుని కేజీంపావే చూపిస్తుంది. "మీ కబుర్లకి పొలుసెక్కువ బాబుగారూ, తోమితే ముక్క మిగల్దు" అని నన్ను ఆటపట్టిస్తుంది.

మొన్న వేసవిలో ఒక ఆదివారం ఆవిడ శీలావతి చేపని ముక్కలు కొడుతుంటే గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. బైకు మీద ఇద్దరొచ్చారు. వెనక కూచున్నవాడు దిగాడు. ఆవిడ గొంతు మీద కత్తి పెట్టి, మెళ్ళో పుస్తెలతాడు లాక్కుని, మళ్ళీ ఎక్కి పోయాడు. అంతా కలిపి నాలుగు తుమ్ములు తుమ్మేంత సేపు. వీధిలో కెమెరా ఒకటుంది గానీ అది ఎప్పుడూ వేపకొమ్మల్నే చూస్తుంది.

క్షణంలో జనం మా గేటు దగ్గర చేరారు. ఆవిడ మెడ మీద కత్తి గీత కొంగుతో అదుముకుంటోంది, చెప్పాల్సింది నేనే. నాకు మాటలకి కొదవా? బైకు ఎర్రదన్నాను. వాడు ఆరడుగులన్నాను. "మొహం చూశారా అండీ?" అన్నారెవరో. చూళ్ళేదని చెప్పడానికి నామోషీ వేసింది. "ఎడమ చెంప మీద గాటు!" అన్నాను. అందరూ "అబ్బా!" అన్నారు. ఆ అబ్బా కోసం నేను ఏమైనా చెబుతాను. మధ్యాహ్నానికి వీధి వాట్సాప్ గ్రూపులో నా వాయిస్ మెసేజీ తిరిగింది. అందులో గాటు చెవిదాకా పాకింది.

మంగళవారం స్టేషను నుంచి పిలుపొచ్చింది. వెళితే, మా వీధి చివర పంక్చర్లు వేసే అతను బెంచీ మీద కూచుని ఉన్నాడు. మైలవరం నుంచి వచ్చి రెండేళ్ళయింది. అతనికి ఎర్ర బైకుంది. ఎడమ చెంప మీద గాటుంది. నా స్కూటరుకి గాలి కొట్టినప్పుడల్లా చూసే గాటే. దాన్నే తీసుకెళ్ళి దొంగ మొహానికి అతికించానన్నమాట. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు, ఇప్పుడు చెబుతున్నాను. బయట మెట్ల దగ్గర అతని భార్య టిఫిన్ క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇతనేనా?" అన్నారు ఎస్సైగారు.

కళ్ళు మూసుకున్నాను. ఆదివారం నాటి దొంగ కనిపించాడు, గాటుతో సహా! రెండ్రోజుల్లో నలభైసార్లు చెప్పేసరికి, చెప్పిందంతా చూసిందైపోయింది. "ఇతనేనండీ" అన్నాను. నమ్మే అన్నాను.

తర్వాత, నాతోపాటే పిలిపించిన చేపలావిడని అడిగారు.

"నేను మొహం చూళ్ళేదండీ. కత్తి చూశాను."

"గొంతు మీద కత్తి పెట్టినోడి మొహం చూడకపోవడమేంటమ్మా?"

"గొంతు మీద కత్తుంటే మొహం ఎవరు చూస్తారండీ? ఆ కత్తి తప్ప ఇంకేం కనపళ్ళేదు. పిడికి నల్ల టేపు చుట్టుంది. మొన విరిగింది. ఎడం పక్కే నూరారు. దాంతో చేపకి పొలుసు కూడా ఊడదండీ."

పక్కన రాసుకుంటున్న రైటరు నవ్వాపుకున్నాడు. "ఇతను కాదంటావా అయితే?" అన్నారు ఎస్సైగారు.

"ఏమోనండీ. అవునేమో, కాదేమో. అవునంటే మీకు పని తీరుద్ది. నా తాడు పోయిందని, బయట నిలబడిందే ఆ పిల్ల, దాని మొగుణ్ణి లోపలెయ్యమంటారా?"

"మరి ఈయన గాటు చూశానంటున్నారుగా?"

"బాబుగారా! ఆయన బేసిను వెనకాల నక్కారండీ. ఆయనకి కనపడిందల్లా శీలావతి తోకే."

స్టేషనంతా గొల్లుమంది. నాకు మాత్రం ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. భయం మా ఇద్దరి కళ్ళూ కట్టేసింది. ఆవిడ తను చూసిన జానెడు కత్తి దగ్గర ఆగిపోయింది. మెడ మీద గీత ఇంకా మానలేదు, అయినా అక్కణ్ణుంచి ఒక్క అంగుళం ముందుకు జరగలేదు. పోయింది ఆవిడ తాడు. ఊఁ అంటే చాలు, ఎవరో ఒకరు దొరికారన్న తృప్తి ఉండేది. అంత నిబ్బరం నేనింకెక్కడా చూళ్ళేదు.

అప్పుడు నేను లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని, "సార్, ఆ గాటు నా కల్పన! కొట్టేయండి! కావాలంటే అతని బదులు నన్ను కూచోబెట్టండి!" అన్నాను. నా ధైర్యానికి ఎస్సైగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సాయంత్రానికి అతన్ని పంపేశారు. తాడు ఇంతవరకూ దొరకలేదు. ఆవిడ పసుపుతాడు కట్టుకుని ఆదివారాలు వస్తూనే ఉంది.

ఇంతవరకూ రాసింది మా ఆవిడకిచ్చాను. నేను లేచి నిలబడ్డ చోట వేలు పెట్టి, "ఇదెప్పుడు జరిగిందండీ?" అంది.

జరగలేదు. నేను లేవలేదు. ఎస్సైగారైతే అసలే లేవలేదు. అందరూ నవ్వుతుంటే నేలకేసి చూస్తూ కూచున్నాను. చేపలావిడ వచ్చి మోచెయ్యి పట్టుకుంది. "చెప్పండి బాబుగారూ, ఏం కాదు" అంది. "చూళ్ళేదండీ" అన్నాను. నా గొంతు రైటరు దాకా వెళ్ళలేదు. "ఏమన్నారు?" అన్నాడతను. రెండోసారి నా తరఫున ఆవిడే చెప్పింది.