రాణిని ఐసు పెట్టెలో పెట్టుకుని ధర్మసాగర్ నుంచి హనుమకొండకు

మాది ధర్మసాగర్. మా ఆయన రిజర్వాయర్‌లో చేపలు పడతాడు. ఈ ప్రయాణం నేను సరదాకు చేసింది కాదు. మా వీధిలో ఏడాదిగా కుక్కలు ఒకే రకంగా పోతున్నాయి. ముందు బకెట్ల కొద్దీ నీళ్లు తాగుతాయి, తర్వాత తిండి మానేస్తాయి, ఎముకలు తేలి ఒకరోజు లేవలేకపోతాయి. మీ ఊళ్లోనూ ఇలా జరుగుతుంటే, కుక్కను పరీక్షకు తీసుకెళ్లాలనుకుంటే, మీకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి వరకే.

హనుమకొండలో ఒక అద్దె ఇంట్లో ఒక డాక్టరు మేడం ఈ జబ్బు మీద పరిశోధన చేస్తున్నారు. తమ కుక్క ఇలాగే పోయిందని ఎవరో ముసలి దంపతులు రెండేళ్లకు డబ్బు ఇచ్చారు. ఆ గడువు ఈ నెలతో అయిపోతుంది. జబ్బుకు కారణం తెలిసేలా ఉంటే ఇంకో ఏడాది ఇస్తామన్నారట. పోయిన నెల మా కుక్క రాణిని చూపించడానికి వెళ్తే మేడం దాచకుండా చెప్పారు. "రాణి బతకదమ్మా. బతికున్న కుక్కల రక్తం నా దగ్గర చాలా ఉంది. చనిపోయినవాటిని మాత్రం ఎవరూ తీసుకురారు, పాతిపెట్టేస్తారు. కిడ్నీ కోసి చూస్తే తప్ప కారణం తెలియదు. పోయినప్పుడు చల్లగా పెట్టి తీసుకురా." ఎంత చల్లగా అని అడగాలనిపించింది. నా వెనక మంచి బట్టలు వేసుకున్న వాళ్లు ఇద్దరు తమ కుక్కతో నిలబడి ఉన్నారు. సిగ్గేసి, తల ఊపి బయటికి వచ్చాను.

మంగళవారం సాయంత్రం రాణి పోయింది. కట్ట కింద పాతిపెడదామని మా అత్త గడ్డపార తీసింది. "ఇన్నొద్దులు బువ్వ పెట్టి, ఇప్పుడు కోయిపిస్తరా దాన్ని?" అని నా వైపు చూసింది. మా ఆయన, "బుజ్జి కోసమే అవ్వా" అన్నాడు. బుజ్జి రాణి పిల్ల. వారం నుంచి అది కూడా నీళ్ల గిన్నె ఖాళీ చేస్తోంది. అత్త గడ్డపార గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయింది. మా ఆయన చేపలు దూరం పంపే పెద్ద థర్మాకోల్ పెట్టె తెచ్చాడు. ఐసు ఒక వరుస, దాని మీద గల్లుప్పు, రాణి, మళ్లీ ఐసు, మళ్లీ ఉప్పు. ఉప్పు చల్లితే చలి పెరుగుతుందని చేపలవాళ్లందరికీ తెలుసు. "చేపనే రెండు దినాలు కరాబు గాదు, రాణి అయితదా? ఫికర్ జెయ్యకు" అన్నాడు. నాకూ ధైర్యం వచ్చింది.

పొద్దున ఏడున్నరకు బయలుదేరాను. మా ఆయనకు వల తీసే పని ఉంది కాబట్టి పెట్టె ఎక్కించి వెళ్లాడు. ఇలాంటి పెట్టెను బస్సులో రానివ్వరు, ఆటో మాట్లాడుకోవాలి. కాజీపేట మీదుగా గంట లోపే పట్టింది. ఐదు వందలు అడిగిన ఆటో యాదగిరన్న దారిలో, "ఏం చేపలు చెల్లె, గింత బరువున్నయి?" అన్నాడు.

"చేపలు గాదన్నా. మా రాణి."

వెనక్కి తిరిగి పెట్టె వైపు చూశాడు. తర్వాత, "మనిషికి జబ్బొస్తేనే పైసలు పుడ్తలెవ్వు. కుక్కల జబ్బుకు పైసలిచ్చెటోళ్లు గూడ ఉన్నరా?" అన్నాడు.

"ఇద్దరున్నరు. ఈ నెల దాంక."

దిగేటప్పుడు నాలుగు వందలే తీసుకున్నాడు. పెట్టె మెట్ల దాకా మోసి, "పోయేటప్పుడు బస్సుల పో, నీకు టికెట్ లేదు గదా" అని చెప్పి వెళ్లాడు.

తొమ్మిదికి మేడం వచ్చారు. నన్ను, పెట్టెను చూసి తలుపు తాళం కూడా సరిగ్గా తీయలేకపోయారు. "తెచ్చావా, నిజంగా తెచ్చావా?" అంటూ తొడుగులు వేసుకుని మూత తీశారు. వేలితో రాణి పొట్ట మీద నొక్కారు. ఇంకోచోట నొక్కారు. రాయిలా ఉంది. ఉప్పు గల్లు ఒకటి తీసి చూశారు.

"ఉప్పు ఎవరు వేశారమ్మా?"

"మా ఆయన. చేపలకు గట్లనే వేస్తం మేడం."

ఆమె నా మీద కోప్పడలేదు. కుర్చీలో కూర్చున్నారు. "చేప గడ్డకట్టి కరిగితే ముక్క ఎట్లా అవుతుంది?"

"చెదిరిపోతది."

"ఉప్పుకు రాణి గడ్డకట్టింది, కిడ్నీ కూడా అంతే. మైక్రోస్కోపు అద్దం కింద చూడటానికి ఏమీ మిగలదు. విషం ఏమైనా ఉందా అని చూడొచ్చు, కానీ ఆ పరీక్ష బయట చేయించాలి. నా దగ్గర అంత డబ్బు లేదు. శనివారం నేను వాళ్లకు రిపోర్టు పంపాలి."

"ఏమని రాస్తరు మేడం?"

"ఉన్నదే రాస్తాను. కారణం తెలియలేదని."

బుజ్జి సంగతి చెప్పాను. ఒక చిన్న సీసా ఇచ్చి, శుక్రవారం లోపు దాని మూత్రం పట్టి తెమ్మన్నారు. పరీక్ష మందు ఒక్కదానికే మిగిలిందట. జబ్బు ఉందో లేదో తెలుస్తుంది, ఉంటే ఏం చేయాలో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు అన్నారు. రాణిని అక్కడే ఉంచేశాను. ఖననం తానే చేయిస్తానన్నారు.

హనుమకొండ బస్టాండులో ధర్మసాగర్ బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. కండక్టరు నా కొంగును చూసి ముక్కు మూసుకుని, "చేపలమ్మి వస్తున్నవా అక్కా?" అంది. అవునన్నాను. పన్నెండున్నరకు ఇల్లు చేరాను. బుజ్జి వాకిట్లో గిన్నెలో నీళ్లన్నీ తాగి, నేను మళ్లీ పోస్తానేమోనని నా వైపు చూస్తూ కూర్చుంది. పోశాను. మా ఆయన వచ్చి, "పనికొచ్చిందా?" అని అడిగాడు. ఉప్పు సంగతి అతనికి ఇంకా చెప్పలేదు. ఆ రోజు అతను వేసింది మా ఇంట్లో ఉన్న మంచి ఐసంతా.

రెండేళ్లు ఇద్దరు ముసలివాళ్లు ఇచ్చిన డబ్బు, ఒక డాక్టరమ్మ ఎదురుచూపు, మా రాణి, అన్నీ కలిసి నేను అడగని ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి. అడిగితే నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

మీరు వెళ్తే ఇది గుర్తుంచుకోండి: ఫ్రిజ్‌లో పాలు ఉండేంత చల్లదనం చాలు. ఒంటిని కవరులో చుట్టి, పైన మందంగా బట్ట కప్పి, ఆ తర్వాతే ఐసు పెట్టండి. ఉప్పు వేయకండి.