కొడవలి లేని ర్యాప్

కడప బస్టాండులో టీ గ్లాసు ఏటికేడు చిన్నదవుతుండేది. దాని మీద ఎవరూ సమీక్ష రాయలేదు. మా ర్యాప్ సీడీ మీద మాత్రం ఒక పత్రిక రాసింది. నేనూ నా స్నేహితుడూ సొంతంగా చేసిన ఆల్బమ్ అది. ఎండిన బోరు గురించి, కోయిలకుంట్ల బస్సు గురించి, అచ్చంగా మా యాసలో పాడాం.

"సీమ యాస ఉంది గానీ, కొడవళ్లూ బాంబులూ లేకపోవడం పెద్ద లోటు" అని తేల్చాడు విమర్శకుడు. మా ఇళ్లలో కొడవలితో గడ్డి కోస్తారని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

ఆ పత్రిక పట్టుకుపోయి, మా సీడీలు అమ్మే అంగడాయన ముందు మండిపడ్డాను. ఆయన తాపీగా చదివి మడిచిచ్చాడు.

"సీడీలన్నీ ఈడనే ఉండాయి. ఒక్క పాటలోనన్నా ఎవర్నన్నా నరికుంటే మీ సొమ్మేం పోయేదప్పా?"