ఫైలు కోసం రాసుకున్న ప్రేమ

నాది మేనరికం. మేనత్త కొడుకునే చేసుకున్నాను. ఆయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. గుడి పనికని ఆస్ట్రేలియా వెళ్లి అక్కడే నిలదొక్కుకున్నాడు. నేను ఆయన దగ్గరికి పోవాలంటే మాది నిజమైన పెళ్లేనని అక్కడి ఆఫీసరు నమ్మాలి. పెళ్లి ఫొటోలు, పత్రం పంపాం. అవి చాలవు, ఇంకా రుజువులు కావాలన్నారు.

మళ్లీ బస్సెక్కి నంద్యాలకు పోయాను. వీసా కాగితాలు చూసే ఏజెంటు మా ఆయన ఫోన్ కాల్స్ చిట్టా ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏందీమ్మా, అన్నీ ఒకే నంబరుకు చేసినాడు. ఇది నీదేనా?"

"మా అత్తదన్నా."

"నీకు చేయడా?"

"ఆమెకే చేస్తాడు. ఆమె మాట్లాడినంక నాకిస్తాది."

మా ఇళ్లలో అంతే. తల్లిని కాదని పెళ్లానికి చేస్తే, కొంగు పట్టుకుని తిరుగుతున్నాడంటారు. ఫోను నా చేతికొచ్చేసరికి అత్త పక్కనే కూర్చుని ఉంటుంది. తిన్నావా అంటాడు, తిన్నానంటాను. వానొచ్చిందా అంటాడు, రాలేదంటాను. ఇద్దరికీ అదే చాలనిపించేది.

"పుట్టినప్పటి నుంచి ఎరిగినోళ్లం గదన్నా," అన్నాను.

"అది ఆఫీసరుకేం తెలుసమ్మా? దినామూ నీ ఫోనుకే చేయమను. ప్రేమగా మెసేజీలు పెట్టుకోండి."

ఆ రోజు నుంచి "ప్రియమైన భార్యకు, నీవు లేక నిద్ర పట్టుట లేదు" అని రావడం మొదలైంది. రాళ్లు కొట్టే మనిషికి ఈ మాటలెక్కడివని మొదట్లో నవ్వుకున్నాను. పొయ్యి మీద కూర మాడుతుంటే నేనూ అలాంటివే రాసి పంపేదాన్ని. ఏజెంటు వాటిని పదిమంది ముందు పైకి చదివి, బాగుంది, ఇంకా కావాలనేవాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు, "నువ్వు గుర్తొచ్చి సుత్తితో వేలి మీద కొట్టుకున్నాను" అని రాశాడు. గుండె ఝల్లుమంది. ఆ వెంటనే అనుమానమూ వచ్చింది. ఉండబట్టలేక ఫోను చేశాను.

"బావా, నిజంగా కొట్టుకున్యావా, ఫైలుకు రాసినావా?"

"ఫైలుకేలే. ఆ ఏజెంటన్న ఏదన్నా కొత్తగా రాయమన్యాడు."

దెబ్బ తగల్లేదని సంతోషించాల్సింది పోయి ఏడ్చాను. ఇక మీదట ఈయన ఏం రాసినా, నాకు రాశాడో ఆ ఆఫీసరుకు రాశాడో ఎలా తెలుస్తుంది? పెళ్లిని రుజువు చేయబోయి దాన్నే పోగొట్టుకుంటున్నానేమోనని భయం వేసింది.

కొన్ని నెలలకు వీసా వచ్చింది. అత్త వీధంతా చెప్పొచ్చింది. నాకు మాత్రం లేచి నిలబడే ఓపిక కూడా లేదు. పొద్దుగూకే వేళ మెసేజి వచ్చింది. ఇంకా ఎవరి కోసం రాస్తున్నాడని చిరాగ్గానే తెరిచాను.

"ఈడ చలి శానా. నీ మడమలు పగుల్తాయి. రెండు జతల సాక్సులు తెచ్చుకో."

మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఇది నాకే రాశాడు.